అవ్వ మతిమరుపూ మన మతిమరుపూ

ముసలితనంలో జ్ఞాపకశక్తిని కాపాడుకోవడం ఎలా అనే ప్రశ్నకు ఈ రోజుల్లో జవాబులకేమీ కొదవ లేదు. పత్రికల ఆదివారం అనుబంధాల్లో, టీవీల పొద్దుటి కార్యక్రమాల్లో, పింఛనుదారుల సంఘాల మీటింగుల్లో ఒకటే జాబితా వినిపిస్తుంది. గళ్లనుడికట్టు నింపండి. సుడోకు చెయ్యండి. కొత్త పుస్తకం చదవండి. పార్కులో నడవండి. స్నేహితులతో గడపండి. రాత్రి నానబెట్టిన బాదంపప్పు తినండి. వీటిలో ఏ ఒక్కటీ చెడ్డ సలహా అనను. నా అభ్యంతరమల్లా ఆ సలహా ఎవర్ని మనసులో పెట్టుకుని పుట్టిందన్నదే. చదువుకున్నవాడు, ఉద్యోగం చేసి రిటైరైనవాడు, పొద్దున్నే ఎవరో కాఫీ చేతికందిస్తే పేపరు విప్పుకుని కూచునేవాడు, సాయంత్రం ఎవర్నీ అడక్కుండా చెప్పులేసుకుని బయటికి పోగలిగినవాడు. ఆ కాఫీ కలిపి ఇచ్చిన మనిషికి కూడా డెబ్భై ఏళ్లు వచ్చాయనీ, ఆమెకూ ఒక మెదడు ఉందనీ ఈ జాబితాలు రాసేవాళ్లకు తట్టినట్టు లేదు.

చంద్రగిరిలో నేను రోజూ చూసే ముసలమ్మల్ని ఈ జాబితా ముందు నిలబెట్టి చూడండి. చెనక్కాయ చేలల్లో కలుపు తీసి, కాయలు పెరికి, ఒలిచి నడుములు వంగినవాళ్లు. గంపలో ఆకుకూరలు పెట్టుకుని తిరుపతికి పొయ్యి అమ్ముకొచ్చినవాళ్లు. చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని బడి గోడదాకా పోయి, అక్కణ్ణించే వెనక్కి వచ్చేసినవాళ్లు. వాళ్ల చేతికి గళ్లనుడికట్టు ఇస్తే ఏం చేస్తారు? పార్కు ఏది? ఉన్నా, పొద్దున ఆరింటికి పొయ్యి దగ్గర ఉండాల్సిన మనిషి పార్కులో ఎట్లా ఉంటుంది? స్నేహితులతో గడపమంటే, పెళ్లితో పుట్టినూరు వదిలినప్పుడే తెగిపోయిన స్నేహాల్ని డెబ్భయ్యో ఏట ఎక్కడ వెతుక్కుంటుంది?

ఆడవాళ్ల జ్ఞాపకశక్తికి డెబ్భయ్యో ఏట సానపట్టడం గురించి మాట్లాడే ముందు, ఏడో ఏట దాన్ని మొద్దుబార్చిందెవరో అడగాలి. ఈ విషయం వైద్యానికి ఎంత సంబంధించిందో, ఇంట్లో అధికారానికీ, చేతిలో డబ్బుకీ, గడప దాటే స్వేచ్ఛకీ అంతే సంబంధించింది. దీన్ని చిట్కాల శీర్షికలోకి నెట్టడమంటే ఆ రెండో సగాన్ని దాచెయ్యడమే.

ఇది నా ఒక్కదాని ఆవేశం అనుకునేవాళ్ల కోసం కొన్ని లెక్కలు. మన దేశంలో అరవై దాటిన వాళ్లలో మతి పోయే జబ్బు, డాక్టర్లు డిమెన్షియా అనేది, ఎంతమందికి ఉందో అంచనా కట్టిన పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. నూటికి 7.4 మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఉందని తేల్చింది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. ఈ మాట చెప్పగానే "ఆడవాళ్లు ఎక్కువకాలం బతుకుతారు కదా, అందుకని" అనే జవాబు రెడీగా ఉంటుంది. అందులో కొంత నిజం ఉంది. కానీ అంతటితో ఆగిపోయే వాళ్లకు రెండో ప్రశ్న వెయ్యాలని లేదన్నమాట.

లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో పద్నాలుగు కారణాల జాబితా ఇచ్చింది. వాటిని బతుకు పొడుగునా సరిదిద్దగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వెయ్యడమో సాధ్యమని దాని అంచనా. మొట్టమొదటి కారణం చిన్నప్పుడు చదువు లేకపోవడం. తర్వాత వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, బీపీ, షుగరు, కొలెస్ట్రాలు, దిగులు జబ్బు, ఒంటరితనం, కదలిక లేకపోవడం, గాలి కాలుష్యం, తలకు దెబ్బలు, ఇంకా ఊబకాయం, పొగ, తాగుడు. ఈ జాబితాను మన ఆడవాళ్ల బతుకు పక్కన పెట్టి చదవండి. చదువు ఎవరు మాన్పించారు? తనకు చెవి వినిపించడం లేదని ఇంట్లో చెప్పుకున్న ముసలమ్మకు మిషను కొనిపెట్టిన కొడుకుల్ని ఎంతమందిని చూశాం? గాలి కాలుష్యం అనగానే మనకు బస్సులు, ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి గానీ నలభై ఏళ్లు కంపపుల్లల పొయ్యి ఊదిన ఊపిరితిత్తులు గుర్తు రావు. తలకు దెబ్బలు అనగానే హెల్మెట్టు గురించి మాట్లాడతాం. జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టిన మొగుడి సంగతి ఏ డాక్టరైనా అడుగుతాడా? ఏ ముసలమ్మైనా చెప్తుందా?

జబ్బు చరిత్రలోనే ఈ చూపు కనిపిస్తుంది. 1901లో ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రికి ఒక యాభై ఒక్కేళ్ల స్త్రీని తీసుకొచ్చారు. రైల్వే గుమాస్తా భార్య. పేరు ఆగస్టె డిటెర్. ఆమెను పరీక్షించిన డాక్టరు అలోయిస్ అల్జీమర్. జబ్బుకు డాక్టరు పేరు నిలిచింది, ఆమె మాత్రం చాలాకాలం వైద్య గ్రంథాల్లో 'ఆగస్టె డి.' గానే మిగిలింది. 1990ల్లో పాత కేసు కాగితాలు దొరికితే గానీ ఆమె పలికిన మాటలు బయటికి రాలేదు. భర్త పేరేమిటని అల్జీమర్ అడిగితే ఆమె తన పేరే చెప్పిందని ఆ కాగితాల్లో ఉంది. అది జబ్బు లక్షణమే, కాదనను. కానీ మన వైపు ఇప్పటికీ మొగుడి పేరు నోటితో పలకని అవ్వలున్నారు. "మీ ఆయన పేరేంటమ్మా?" అంటే మొహం తిప్పుకుంటారు, పక్కనున్న పిల్లని చెప్పమంటారు. ఆ మౌనాన్ని మతిమరుపు కింద రాసుకునే డాక్టరు ఉండడని హామీ ఏమన్నా ఉందా?

పరీక్షల సంగతీ అంతే. 1975లో అమెరికాలో తయారై ప్రపంచమంతా వాడిన జ్ఞాపకశక్తి పరీక్షలో ఒక వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గియ్యమంటారు, నూట్లోంచి ఏడేడు చొప్పున తీసేసుకుంటూ పొమ్మంటారు, ఒక మాటకు అక్షరాలు వెనక నుంచి చెప్పమంటారు. బడి మొహం చూడని మనిషికి ఇది మతిని కొలిచే పరీక్ష ఎట్లా అవుతుంది? ఆమెకు బడి దొరకలేదన్న సంగతినే మళ్లీ ఒకసారి నిరూపించి, దానికి జబ్బు పేరు పెట్టడమవుతుంది. ఈ ఇబ్బంది గుర్తించి 1990ల్లో హర్యానా పల్లెల్లో చదువురానివాళ్లకు సరిపడేట్టు హిందీలో వేరే పరీక్ష తయారుచేశారు. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యవచ్చు. చంద్రగిరి అవ్వకు కావలసిన ప్రశ్నలు వేరే ఉంటాయి. ఏ నెలలో ఏ విత్తనం చల్లుతారు, పొదుపు సంఘంలో ఎవరు ఎన్ని కంతులు బాకీ, పెద్ద మనవరాలి సీమంతానికి ఎవరెవరు ఏమేం పెట్టారు? వీటిలో తడబడితే అప్పుడు ఆందోళన పడవలసిందే.

నిజానికి కుటుంబం అనేది ఆడదాని జ్ఞాపకశక్తి మీద నడిచే బండి. ఎవరికి ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలి, పాలవాడికి ఎన్ని రోజుల లెక్క ఉంది, ఏ దేవుడికి ఏ మొక్కుబడి మిగిలింది, ఎవరి తద్దినం ఏ తిథి, ఎవరింటి పెళ్లికి ఎంత చదివించాలి, అన్నీ ఆమె తలలోనే. ఈ పనికి కూలి లేదు, పేరు లేదు. అది పని అని గుర్తించేది ఆమె మరిచిపోయిన రోజున. మగవాడు కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికితే అది నవ్వుకునే కబురు, మేధావి లక్షణం కూడా. ఆడది పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తే ఆ పూటంతా రభస. అతనిది మతిమరుపు, ఆమెది చాదస్తం. ఒకే సంగతికి రెండు మాటలు పెట్టుకున్న భాష మనది.

ఆ తర్వాత వచ్చే దశ మరీ దారుణం. కోడలు వచ్చాక లేదా కొడుకులు పంచుకున్నాక, "నువ్వు ఇంక రెస్టు తీసుకోమ్మా" అంటారు. వినడానికి ఎంత ప్రేమగా ఉంటుందో! తాళాలు పోతాయి, లెక్కలు పోతాయి, వంటగది పోతుంది, సంతకు పోవడం పోతుంది. అరవై ఏళ్లుగా ఏ పనుల చుట్టూ ఆమె తెలివి అల్లుకుందో ఆ పనులన్నీ ఒక్కసారి లాగేసి, నడవలో మంచం వేసి, ఎదురుగా టీవీ పెడతారు. రెండేళ్లకు "మా అమ్మకు ఈ మధ్య ఏం గుర్తుండటం లేదండీ" అని డాక్టరుకు చెప్తారు. గుర్తుపెట్టుకోవలసిన పని ఏం మిగిల్చారు గనక? ఇంకో రకం ఇళ్లలో ఈ రెస్టు కూడా దొరకదు. డెబ్భై అయిదేళ్లొచ్చినా గొడ్ల దగ్గరా అంట్ల దగ్గరా పడే దాకా చెయ్యాల్సిందే. మూలన కూచోబెట్టడం, పడేదాకా పని చేయించడం. ఈ రెంటికీ మధ్య తనకిష్టమైన పని తాను ఎంచుకునే వయసు ఆడవాళ్లకు ఏ దశలోనూ రాదు.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. "వెనకటి ఆడవాళ్లు దంచేవాళ్లు, విసిరేవాళ్లు, అందుకే తొంభై ఏళ్లకీ చురుగ్గా ఉండేవాళ్లు" అని రోకలినీ తిరగలినీ పొగిడే వ్యాసాలు తరచుగా చదువుతుంటాం. రాసేవాళ్లెవరూ ఒక పూట దంచి చూసినవాళ్లు కారు. తొంభై దాకా బతికిన ఒక్క అవ్వను చూపించి, కాన్పుల్లో పోయినవాళ్లనూ, నడివయసులోనే అరిగిపోయి పోయినవాళ్లనూ లెక్కలోంచి తప్పించడం ఈ పొగడ్తలో ఉన్న మోసం. నడక, ఒంటికి పని, మెదడుకు మంచివే. చాకిరీ వేరు.

మన అవ్వల దగ్గర నిజంగా ఉన్న ఒక సంపద గురించి మాత్రం మాట్లాడాలి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. వాళ్లలో 391 మంది ఒకటికంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అసలు బడికే పోనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించడం అన్నిటికంటే ముఖ్యం. అంటే దీన్ని చదువు ఫలితమని కొట్టిపారెయ్యలేం. తర్వాత వేరే దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు, కాబట్టి దీన్ని మంత్రంలాగా జపించనవసరం లేదు. అయినా మా వైపు బతుకులు తెలిసినవాళ్లకు ఇది ఆలోచించాల్సిన సంగతి. వేలూరు, తిరుత్తణి వైపు నుంచి కోడళ్లుగా వచ్చి, తెల్లారేసరికి తెలుగులో అత్తకు జవాబు చెప్పాల్సి వచ్చిన తమిళ పిల్లలు, ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, తిరుపతి యాత్రికులతో అరవం మాట్లాడి గాజులూ పూలూ అమ్మిన తురక అవ్వలు ఇక్కడ వీధికొకరున్నారు. ఈ రెండు మూడు భాషల నేర్పును మనం ఎక్కడన్నా చదువుగా లెక్కగట్టామా? వాళ్ల పేరు పక్కన జనాభా లెక్కలో రాసుకున్నది 'నిరక్షరాస్యురాలు' అనే కదా! పైగా ఇంగ్లీషు మీడియం మనవడితో "అవ్వతో అరవం మాట్లాడద్దు" అని చెప్పే ఇళ్లు నాకు తెలుసు. ఆమె మాట్లాడే భాషకు ఇంట్లో వినే మనిషి లేకుండా చేసి, జ్ఞాపకశక్తికి ఫోనులో ఆట ఎక్కించి ఇవ్వడం ఎంత ఎగతాళి!

ఆ ఆటల సంగతి కూడా చెప్పుకోవాలి. మెదడుకు పదును పెడతామని ప్రకటనలిచ్చిన లుమోసిటీ అనే అమెరికా కంపెనీ, తన మాటలకు తగిన రుజువు లేదన్న ఆరోపణ మీద 2016లో అక్కడి ప్రభుత్వ సంస్థకు ఇరవై లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. మన దేశంలో 1945 నాటి ఔషధ నిబంధనలకు 'జె' షెడ్యూలు అని ఒకటుంది. ఏ జబ్బుల్ని నయం చేస్తామని మందులమ్మేవాళ్లు చెప్పుకోకూడదో అందులో ఉంది. మెదడు సామర్థ్యం పెంచుతాం, జ్ఞాపకశక్తి మెరుగుపరుస్తాం అనడం కూడా ఆ నిషేధాల్లో ఒకటి. అయినా పరీక్షలకు పోయే పిల్లలకూ, మతి తగ్గుతున్న ముసలివాళ్లకూ సీసాలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. అవ్వ పింఛను డబ్బుల్లోంచి ఆ సీసా కొంటారు. ఆంధ్రలో ఆ పింఛను 2024 జులై నుంచి నెలకు నాలుగు వేలు. అదే డబ్బుతో ఆమె బీపీ మాత్ర ఆగకుండా కొనడం, శుక్లం ఆపరేషనుకు తీసుకుపోవడం ఎవరికీ గుర్తు రాదు. మతిమరుపు ఎవరిదో ఇక్కడ తేలుతుంది.

ఎందుకంటే రుజువు ఉన్నవి ఇట్లాంటి మామూలు పనులే. అమెరికాలో డెబ్భై దాటిన 977 మంది మీద మూడేళ్లు జరిపిన ప్రయోగం ఫలితం 2023లో వచ్చింది. చెవి మిషను, దానితో పాటు వాడకం నేర్పడం వల్ల అందరికీ కలిపి చూస్తే తేడా కనపడలేదు. కానీ జబ్బు ప్రమాదం ఎక్కువున్న గుంపులో ఆలోచనాశక్తి తగ్గే వేగం దాదాపు సగానికి పడిపోయింది. ఆశ్చర్యమేముంది? వినపడని మనిషిని మనం పలకరించడం మానేస్తాం. పలకరింపు లేని మనిషి తనలోకి తాను ముడుచుకుపోతుంది. "చెవిటిదానికి చెప్పి ఏం లాభం" అనే మాట ఎంత తేలిగ్గా అనేస్తామో!

రాసే స్త్రీలకు నేను ప్రత్యేకంగా గుర్తుచెయ్యాల్సింది ఒకటుంది. అమెరికాలో 1986లో డేవిడ్ స్నోడన్ మొదలుపెట్టిన అధ్యయనంలో 678 మంది క్రైస్తవ సన్యాసినులు పాల్గొన్నారు. వాళ్లలో కొందరు మఠంలో చేరేటప్పుడు, సగటున ఇరవై రెండేళ్ల వయసులో రాసుకున్న స్వీయచరిత్రలు భద్రంగా ఉన్నాయి. ఆలోచనలు చిక్కగా ఉన్న రాత రాసినవాళ్లకు అరవై ఏళ్ల తర్వాత మతి జబ్బు తక్కువగా వచ్చిందని 1996లో ప్రకటించారు. రాత వల్ల జబ్బు ఆగిందని దీని అర్థం కాదు, ఏది కారణమో ఏది ఫలితమో అంత సులువుగా తేలదు. నాకు అందులో తోచింది వేరే. ఇరవై రెండేళ్ల ఆడపిల్లను నీ జీవితం గురించి నువ్వు రాయి అని అడిగినవాళ్లు ఒకరున్నారు. మా అవ్వల్ని ఆ వయసులో ఎవరేమడిగారు? ఇంకా కడుపు పండలేదేమని అడిగారు.

అడిగితే ఏమవుతుందో మనకు తెలుసు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, కూచుని, విని 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. చంద్రగిరిలో కోట ఉంది, రాజమహల్లో పురావస్తు ప్రదర్శనశాల ఉంది. 1639లో ఇంగ్లీషువాళ్లకు మద్రాసు స్థలం దక్కిన కథ ఈ కోట రాజులతో ముడిపడిందని బడిపిల్లలు కూడా చెప్తారు. కోట గోడ ఈవలి వీధుల్లో ఉన్న ఆడవాళ్లకు ఏం గుర్తుందో రాసుకున్నవాళ్లు లేరు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు "ఇంతకు ముందు ఎప్పుడొచ్చిందిట్లా?" అని అందరూ అడిగింది ముసలమ్మల్నే. నీళ్లు తియ్యగానే మళ్లీ వాళ్ల మాట ఎవరికీ అక్కర్లేకపోయింది. మా వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఏటేటా నేల మీద కూచుని విన్న ఆ అవ్వలకు ఏ పర్వం తర్వాత ఏదో, ఎవరి శాపం ఎవరికి తగిలిందో తడుముకోకుండా వస్తుంది. 1990ల మొదట్లో చిత్తూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమానికి 'అక్షర తపస్మాన్' అని పేరు పెట్టారు. తపస్సుమాను అంటే భారతంలో అర్జునుడు ఎక్కే మాను. పేరు పెట్టినవాళ్లకు ఈ అవ్వల చదువేదో తెలిసే ఉంటుంది. ఉద్యమం పేరు మిగిలింది, సంతకం దగ్గర ఆగిపోయిన చేతులూ మిగిలాయి. 2022లో మొదలైన కొత్త వయోజన విద్యా కార్యక్రమం పదిహేనేళ్లు దాటిన అందరికీ అంటోంది. ఆ 'అందరి'లో డెబ్భై ఏళ్ల ఆడది ఉందా అని నిలదీసి అడగవలసింది మనమే.

ఏం చెయ్యాలో స్పష్టంగానే చెప్తాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముసలి ఆడవాళ్ల చెవులు, కళ్లు, బీపీ, షుగరు, దిగులు క్రమం తప్పకుండా చూడాలి. 2020లో అవ్వాతాతలకు కంటి పరీక్షలు ఒక కార్యక్రమంగా జరిగినప్పుడు, చెవులకు ఎందుకు జరగవు? పొదుపు సంఘాలు అరవై దాటినవాళ్లను అప్పు కట్టలేరని పక్కన పెట్టకుండా, లెక్కలు చూసే పని, చిన్నవాళ్లకు చెప్పే పని వాళ్లకు ఇవ్వాలి. ఊరికొక గది కావాలి, వాళ్లు కూచుని మాట్లాడుకోవడానికి, ఇంట్లో ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేకుండా. తిరుపతిలో 1983 నుంచి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. చంద్రగిరి అక్కణ్ణించి ఎంత దూరం? అక్కడ పాఠాలు చెప్పేవాళ్లు, ఇది చదివేవాళ్లు కూడా, విద్యార్థినుల్ని ఈ వీధుల్లోకి పంపవచ్చు. విన్నది రాసి, రాసింది తిరిగి వాళ్లకే చదివి వినిపించవచ్చు. దానివల్ల జబ్బు ఆగుతుందని నేను మాటివ్వను. ఆమె మాటకు విలువ రావడానికి జబ్బు ఆగడం షరతు కానక్కర్లేదు.

మతి తప్పిన అవ్వను చూసుకునే పని ఎవరిదన్న ప్రశ్న కూడా దాటవెయ్యకూడదు. ఇప్పుడది కోడలిదో కూతురిదో. కన్నతల్లికి చీర మార్చడం, స్నానం చేయించడం కొడుక్కి ఎందుకు రాదు? రాత్రుళ్లు నిద్ర లేకుండా కాపలా కాసే ఆ ఆడవాళ్ల దిగులూ బీపీ రేపటి జాబితాలోకి ఎక్కవా? ఇంకోవైపు, మతి కాస్త తగ్గగానే వేలిముద్ర కోసం కాగితాలు తెచ్చేది ఆ కొడుకులే. చూసుకుంటామనే షరతుతో ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాత చెల్లదని ప్రకటింపజేసుకునే వీలు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో ఉంది. చట్టం ఉందన్న సంగతి ఆమెకు గుర్తుండాలంటే ముందు ఎవరైనా చెప్పాలి.

చివరిగా, అన్నీ సరిగ్గా జరిగినా కొందరికి ఈ జబ్బు వస్తుంది. నూటికి నలభై అయిదు ఆపగలమన్నవాళ్లే మిగతా యాభై అయిదు మన చేతిలో లేదని కూడా చెప్తున్నారు. అట్లాంటి అవ్వతో "నువ్వు మెదడుకు పని పెట్టలేదు, అందుకే ఇట్లయింది" అనే హక్కు ఎవరికీ లేదు. ఏమీ గుర్తు లేనప్పుడు కూడా ఆమెకు అన్నం, శుభ్రమైన బట్ట, మర్యాదగా పిలిచే పిలుపు రావలసిందే. అది ఆమె గుర్తుపెట్టుకుని అడగవలసిన బాకీ కాదు, మనం మర్చిపోకుండా తీర్చవలసిన బాకీ.